నిండుకుండలో ఖాళీ

నమోదు 1

సమీక్ష రాసేవాళ్ళు ఏ మాటలతో వెతికారో, ఏం దొరికిందో, దొరికినదాన్ని ఎందుకు ఉంచుకున్నారో ఎందుకు పారేశారో ఎప్పటికప్పుడు రాసిపెట్టాలని కొండమీది గ్రంథాలయంలో నియమం. రేపు ఇంకో మనిషి అదే దారిన వెతికితే అదే చోటికి చేరాలట. మంచి నియమమే. ఇందులో కోపతాపాలు రాయకూడదని మాత్రం ఎక్కడా లేదు, వెతికి చూశాను. కాబట్టి అవి కూడా రాస్తాను.

నా పేరు కొక్కిలిగడ్డ ద్వారకామణి. ఆరోగ్య పరిశోధన విభాగంలో పని. మకాం సముద్రం మీద తేలే ఇళ్ళ తెప్పల్లో నాలుగోదాని మీద, మా అక్క నాంచారమ్మ దగ్గర. తెప్ప మోకులు బిగించడం, అడుగున పట్టిన పాచి గీకడం నా వంతు. అక్క మెస్ నడుపుతుంది. నా చదువంతా ఆ మెస్ పొయ్యి మీదే ఉడికింది.

వెతకాల్సిన సంగతి ఇది. మాకు తాగునీళ్ళు సముద్రంలోంచే వస్తాయి. కర్మాగారంలో పొరల గుండా వడకట్టి గొట్టాల్లో తెప్పలకు వదులుతారు. ఆ పొరలకు పట్టిన జిగురు వదలగొట్టడానికి ఈమధ్య కొత్త మందు వాడుతున్నారు. అది మొదలైన కొన్నాళ్ళకే మా తెప్ప మీద నాలుకలకు రుచి తెలియడం తగ్గింది. అక్క పులుసులో ఉప్పు పెంచుతూ పోయింది. మొదట్లో తినేవాళ్ళు మొహాలు చిట్లించారు. తర్వాత వాళ్ళూ చిట్లించడం మానేశారు. ఇప్పుడు అక్కకు వేళ్ళ కొసలు మొద్దుబారుతున్నాయి.

నీళ్ళు పరీక్ష చేయించాలంటే ఖాళీ చీటీ కావాలి. అంటే, ఈ విషయం మీద ఇదివరకు ఎవరూ పరిశోధన చెయ్యలేదని వ్యాసాలన్నీ వెతికి, సమీక్ష రాసి, నిరూపించాలి. చేసిన పనే మళ్ళీ చేసి ప్రజల సొమ్ము తగలెయ్యకూడదని చట్టం. చీటీ వస్తే, పరీక్ష ముగిసేదాకా తెప్ప మొత్తానికీ కొండ ఊట నీళ్ళు ఇస్తారు. నాకు కావలసింది ఆ నీళ్ళు.

"ఓ సీసాలో నీళ్ళు పట్టుకుపోయి ఆళ్ళ ముందు పెడితే సరిపోదంటే?" అంది అక్క.

"సరిపోదక్కా. ముందు దీన్ని ఎవరూ చూళ్ళేదని చూపించాలి."

"ఎవరూ చూళ్ళేదు కాబట్టేగా ఇట్టా అఘోరిస్తన్నాం. అది చూపించటానికి ఇంత చదువు కావాలా?"

కావాలని చెప్పి పడవెక్కాను. వచ్చేటప్పుడు గ్రంథాలయం కుళాయి దగ్గర ఒక డబ్బా ఊట నీళ్ళు పట్టి, అక్క కోసం భుజాన వేసుకొచ్చాను.

నమోదు 2

వెతికిన చోటు: నిండుకుండ. వెతికిన మాటలు: "పొరలు కడిగే మందు" మరియు "రుచి తెలియకపోవడం". దొరికినవి: నాలుగు వ్యాసాలు.

నిండుకుండ మా వ్యాసాల భాండారం పేరు. పేరు పెట్టినవాళ్ళకు సామెత సగమే గుర్తున్నట్టుంది. దాన్ని చూసుకునే గ్రంథపాలకుడు మస్తాన్‌వలి గారు నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మనిషి మంచివాడే. పింఛనుకు దగ్గరపడ్డాడు, తన భాండారాన్ని ఎవరైనా మెచ్చుకుంటే మొహం విప్పారుతుంది.

"పూర్వం ఏదైనా అడిగితే ఏమీ దొరకలేదని మొహం మీద చెప్పేదమ్మా. పాపం, అంత దూరం నుంచి వచ్చిన పిల్లలు ఏడుపు మొహాలతో పోయేవాళ్ళు. ఇప్పుడు మా కుండ ఎవర్నీ వట్టి చేతులతో పంపదు," అన్నారు.

నాలుగు వ్యాసాలూ చదివాను. చక్కటి భాష, చక్కటి పట్టికలు. నాలుగింటిలోనూ తేలిందేమిటంటే, మందుకూ రుచికీ సంబంధం లేదని. ఎవరో నాకంటే ముందే ఈ దారిన నడిచారని నిరుత్సాహపడ్డాను. అయినా ఆ పరిశోధనలు పెద్ద పట్నాలవి. తెప్పల మీద ఉండేవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. ఖాళీ అక్కడుంది.

నమోదు 3

వెతికిన మాటలు: పాతవే, వాటికి తోడు "తెప్పవాసులు" లేదా "తేలే ఇళ్ళు". దొరికినవి: తొమ్మిది.

మొన్న లేనివి ఇవాళ ఉన్నాయి. తెప్పవాసుల మీదే ఉన్నాయి. వాళ్ళకూ ఏమీ కాలేదట.

మస్తాన్‌వలి గారు నా భుజం మీదుగా చూసి, "ఇంకా వివరంగా అడగమ్మా. ఎంత వివరంగా అడిగితే కుండ అంత బాగా పలుకుతుంది," అన్నారు. మాకు చదువులో నేర్పిందీ అదే. ఫలితాలు ఎక్కువైతే మాట బిగించు, తక్కువైతే సాటి మాటలు చేర్చు. ఆ విద్యలో మా బ్యాచ్‌లో నాకు మంచి పేరుండేది. వయసు చేర్చాను. ఆడవాళ్ళు అని చేర్చాను. వేళ్ళ తిమ్మిరి అని చేర్చాను. ఒక్కొక్క మాట చేర్చి, పడవ దిగి ఇంటికి పోయి, మళ్ళీ వచ్చి చూసేసరికి దానికి తగ్గ వ్యాసాలు సిద్ధంగా ఉంటున్నాయి. ఇన్నాళ్ళూ ఇంతమంది ఇంత పని చేస్తుంటే మేమెవరమూ వినలేదేమిటా అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. తెలివి తెల్లారినట్టే ఉంది.

అక్క ఇవాళ వేడి గంజి వార్చుకుంటూ బొటనవేలు కాల్చుకుంది. బొబ్బ లేచాక గాని చూసుకోలేదు.

"కొండ నీళ్ళే తాగుతున్నావా?" అని అడిగాను.

"తాగుతానే ఉన్నాగా. కాకపోతే అందరూ గొట్టం నీళ్ళు తాగుతుంటే నేనొక్కదాన్ని డబ్బా దాచుకుని తాగటం బాలేదే. దొంగతనం చేసినట్టుంది."

నమోదు 4

నిన్న విసుగొచ్చి, పద్ధతీ పాడూ లేకుండా, మనసులో ఉన్నది ఉన్నట్టు కొట్టాను: "రుచి తెలియక చేపల పులుసులో ఉప్పు ఎక్కువ వేస్తున్న వంటమనిషి".

ఇవాళ దొరికింది: "తెప్పవాసుల చేపల పులుసులో అధిక లవణ వినియోగం: రుచి మందగింపునకు మూలకారణ పరిశీలన." ముగ్గురు రచయితలు. ఉప్పు ఎక్కువ తినడం వల్లే నాలుక మొద్దుబారుతోందని, నీళ్ళకు ఏ పాపమూ తెలియదని తేల్చారు. వాళ్ళు పరిశీలించిన వంటమనిషి మధ్యవయసు స్త్రీ, భోజనశాల నిర్వాహకురాలు, వేళ్ళ కొసల్లో తిమ్మిరి, బొటనవేలి మీద కాలిన గాయం.

బొటనవేలి సంగతి వ్యాసాల కోసం కొట్టిన మాటల్లో లేదు. అది నేను రాసింది ఇక్కడే, కుండలోనే దాఖలయ్యే ఈ నమోదుల్లోనే.

కుండను పరీక్షించాలనిపించి ఇలా కొట్టాను: "కుడిచేత్తో తల దువ్వుకునేవారిలో రుచి లోపం". ఏమీ లేదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కుండ తడుముకుంది, గిరగిరా తిరిగింది. తెప్ప మీద ఒక పూట పని చేసుకుని వచ్చి చూస్తే మూడు వ్యాసాలు. ఒకటి రెండోదాన్ని ఉటంకించింది. రెండోది మూడోదాన్ని ఉటంకించింది. ఎడమచేత్తో దువ్వుకుంటే కొంత మేలట.

నమోదు 5

మస్తాన్‌వలి గారిని నిలదీశాను. ఈ వ్యాసాలు ఎవరు రాస్తున్నారు?

ఆయన అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి వేశారు. "అబద్ధాలని ఎందుకంటావమ్మా? ఉన్న జ్ఞానంలోంచే కదా కూడేది. అడిగినదానికి దగ్గరగా ఉన్నవన్నీ పోగేసి, మధ్యలో ఖాళీ ఉంటే కుండే పూడుస్తుంది. సంధాన వ్యాసం అంటారు దాన్ని."

"ఆ మాట వ్యాసం మీద రాయరా?"

"మొదట్లో రాసేవాళ్ళం. నమ్మకం తగ్గుతోందని పైవాళ్ళు తీసేయించారు."

"మరి ఖాళీ చీటీ ఎవరికైనా ఎలా వస్తుంది?"

కుండ వచ్చాక ఇప్పటివరకు ఎవరికీ రాలేదని మూడోసారి అడిగితే ఒప్పుకున్నారు. దేశంలో తెలియని విషయం లేదని ఏటా గొప్పగా చెప్పుకుంటున్నారు కదా, అందుకు సాక్ష్యం అదేనట.

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు ఉంది వ్యవహారం. అంతకంటే ఘోరం ఇంకోటుంది. నీళ్ళ బోర్డువాళ్ళు అక్క మెస్ వెనక గొట్టం బాగుచెయ్యడానికి వచ్చి, జనం గొడవ చేస్తే ఒక కాగితం చదివి వినిపించారట. ఈ నీళ్ళ మీద ఇన్నిన్ని పరిశోధనలు జరిగాయి, ఏ దోషమూ లేదు, అని. ఆ పరిశోధనల పేర్లు అక్కను అడిగి తెలుసుకున్నాను. అన్నీ నేను అడిగితే పుట్టినవే. నేను నోరు తెరవకపోయి ఉంటే వాళ్ళ దగ్గర చదవడానికి ఒక్క ముక్క ఉండేది కాదు. బాగా వెతికేదాన్ని కదా, బాగానే వెతికి పెట్టాను.

మస్తాన్‌వలి గారి మీద అరిచాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "నన్నేం చెయ్యమంటావమ్మా. ఖాళీ అని చూపించిన రోజున నాకు పైనుంచి ఫోను వస్తుంది," అన్నారు. చివరికి నన్ను ఆ తెర ముందు నుంచి లేపడానికే కాబోలు, పాత గది తాళం తీసిచ్చారు.

నమోదు 6

వెతికిన చోటు: పాత గది. వెతికిన మాటలు: లేవు. ఇక్కడ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, అదే దీని సుఖం.

కుండ రాకముందటి పత్రికలన్నీ కట్టలు కట్టి ఇందులో పడేశారు. చెమ్మకు ఉబ్బి, యంత్రంలోకి ఎక్కక మిగిలిపోయినవి. ఒక వ్యాసం చదవడం, దాని చివర ఇచ్చిన పాత వ్యాసాల పేర్లు చూడడం, ఆ కట్ట వెతకడం. మా గురువుల కాలం నాటి మోటు పద్ధతి. తుమ్ములు, బొద్దింకలు, నల్లబడ్డ చేతులు. రెండు వారాలు దాదాపు ఇదే పని.

దొరికింది. ఎక్కడో ఒక దీవిలో చిన్న ఉప్పునీటి కర్మాగారం, అక్కడ ఒక వైద్యురాలు. ఆవిడ పనివాళ్ళ నాలుకలూ చేతులూ స్వయంగా చూసి రాసింది. అదే జాతి మందు. ముందు రుచి పోతుంది, తర్వాత వేళ్ళ కొసలు, అక్కడినుంచి తిమ్మిరి పైకి పాకుతుంది. మణికట్టు దాటకముందు ఆ నీళ్ళు మానేసినవాళ్ళకు మెల్లగా అన్నీ తిరిగొచ్చాయి. మణికట్టు దాటాక మానేసినవాళ్ళకు ఏదీ తిరిగి రాలేదు. ఈ రెండు వాక్యాలూ చదివి నేను ఆ దుమ్ములోనే కూర్చుని ఏడ్చాను. అక్కకు ఇంకా వేళ్ళ దగ్గరే ఉంది.

ఆ వ్యాసంలో భాష గొప్పగా లేదు. ఒకచోట పట్టిక తప్పుపడితే ఆవిడే క్షమించమని కింద రాసుకుంది. మనిషి రాసినట్టుంది.

ఇంటికెళ్ళి అక్క చేతులు పట్టుకుని ఒక్కో కణుపూ నొక్కి చూశాను. అరచేతి మొదట్లో నొక్కితే "ఆఁ, తెలుస్తంది" అంది. మణికట్టు దగ్గర "అబ్బా, గిల్లమాకే" అంది. ఆ అబ్బా విని ప్రాణం లేచొచ్చింది. గొట్టం నీళ్ళు చుక్క కూడా నోట్లో పోసుకోనని ఒట్టు వేయించుకున్నాను. మెస్‌లో తినేవాళ్ళకు కూడా చెప్పాను. వాళ్ళు విన్నారు, తలూపారు, చెయ్యి కడుక్కుని గొట్టం నీళ్ళే తాగిపోయారు. ఇంకెక్కడివి తాగుతారు?

నమోదు 7

సమీక్షా సంఘం ముందు హాజరయ్యాను. అధ్యక్షురాలు ఉత్పలాదేవి గారు నాకు పాఠాలు చెప్పిన మనిషి. పాత వ్యాసం ఆవిడ చేతిలో పెట్టాను. ఓపిగ్గా చదివారు.

"చాలా మంచి పని చేశావు ద్వారకా. అయితే దీన్నిబట్టి ఈ విషయం మీద ఇదివరకే పరిశోధన జరిగింది. ఖాళీ లేదు కదా?"

"ఈ వ్యాసం నీళ్ళలో దోషం ఉందంటోంది మేడమ్. కనీసం దాన్ని నమ్మి నీళ్ళు ఆపండి."

"ఒక్క వ్యాసాన్ని పట్టుకుని ఎలా ఆపుతాం? కాదన్న వ్యాసాలు కుండలో నలభైకి పైగా ఉన్నాయి. పైగా ఇది కుండలోనే లేదు. కుండలో లేనిది లెక్కలోకి రాదు. ముందు ఎక్కించు."

"ఆ నలభై ఎవరూ రాసినవి కావు మేడమ్. మీకు తెలుసు."

ఆవిడ వ్యాసం తిరిగి నా చేతిలో పెట్టి మెల్లగా అన్నారు: "నాకు తెలుసని నువ్వు ఎక్కడా రాయకు. సమీక్షకు గడువు దగ్గరపడింది. నువ్వు పూర్తి చెయ్యకపోతే కుండే పూర్తి చేస్తుంది, అది గుర్తుంచుకో."

పరిశోధన ఉందంటే ఇదివరకే ఎవరో చూసేశారు కాబట్టి పరీక్ష అక్కర్లేదు. లేదంటే కుండ ఒప్పుకోదు. రెండు తలుపులూ అటువైపు నుంచే గడియ వేసి ఉన్నాయి. ఆవిడకు తెలుసని రాయవద్దన్నారు. రాశాను.

నమోదు 8

ఉబ్బిన కాగితాలు ఆరబెట్టి, అక్షరం అక్షరం కొట్టి, పాత వ్యాసాన్ని కుండలో ఎక్కించడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కింది. ఎక్కిన మరుక్షణం దాని కింద కుండ ఒక వాక్యం తగిలించింది: "కాలం చెల్లినది, తరువాతి పరిశోధనలు దీనిని ఖండించినవి." ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అని ఆ దీవి వైద్యురాలిని వెక్కిరించినట్టుంది. ఎప్పుడు బతికిందో ఏమో, ఆవిడ పరువు కూడా నా చేతుల మీదుగానే పోయింది.

ఈలోగా సముద్రం పోటు మీదుందని పడవలు ఆపేశారు. కొండమీద చిక్కుకుపోయాను. గ్రంథాలయం వసారాలో పడక. బయల్దేరే ముందు అక్కకు డబ్బాలన్నీ నింపి పెట్టి వచ్చాను, అదొక్కటే ధైర్యం. ఫోను చేస్తే సగం మాటలు గాలికే పోతున్నాయి.

"ఒట్టు గుర్తుందా? కొండ నీళ్ళు అయిపోలేదు కదా?"

"నీళ్ళకేం లోటు లేదే. నువ్వు తిండి తిను ముందు. గొంతు నీరసపడిపోయింది."

నమోదు 9

నిండుకుండ నుంచి సందేశం: "అభినందనలు. మీ సమీక్ష పూర్తయినది."

నేను పూర్తి చెయ్యలేదు. గడువు దాటింది, అంతే. నేను వెతికిన మాటలు, ఈ నమోదులోంచి నా వాక్యాల తీరు, పాత గదిలో నేను పడ్డ పాట్లు, అన్నీ తీసుకుని నాకంటే బాగా రాసింది. నాలుగో తెప్ప నీళ్ళు సురక్షితం అని ముగించింది. కింద నా పేరు, ఇంటిపేరుతో సహా.

ఉత్పలాదేవి గారి దగ్గరికి పరుగెత్తాను. నా పేరు తీసెయ్యమన్నాను. "మాటలు నీవే, వెతుకులాట నీదే, వేరే పేరు ఎలా పెడతాం?" అన్నారు. నా మొహంలోకి చూడలేదు. అభ్యంతరం రాసి ఇచ్చాను. దాన్ని పరిశీలించాలంటే, ఇలాంటి అభ్యంతరం ఇదివరకు ఎవరూ చెయ్యలేదని సమీక్ష రాసి చూపించాలట.

అక్కకు ఫోను కలవలేదు. వారం పైగా కలవలేదు.

నమోదు 10

పడవలు వదిలారు. మొదటి పడవలో ఇంటికి వచ్చాను. ఇది ఇంట్లోనే రాస్తున్నాను.

మెస్ కళకళలాడుతోంది. గోడ మీద, నీళ్ళ డ్రమ్ముకు పైన, నీళ్ళ బోర్డు ప్రకటన అంటించి ఉంది. చుట్టూ రంగు కాగితాల అంచు. నా పేరు కింద ఎర్రగా గీత గీశారు. నన్ను చూడగానే అక్క గరిటె వదిలేసి వచ్చింది.

"చూశావంటే, ఎంత పెద్దక్షరాలేశారో! బోర్డోళ్ళు ఇంత పోటులోనూ ఆళ్ళ లాంచీ ఏసుకొచ్చి అన్ని తెప్పల మీదా అంటించారంట. వచ్చినోళ్ళందరికీ చెప్తన్నా, మా చెల్లి చూసి రాసింది, నిర్భయంగా తాగండని."

"కొండ నీళ్ళు ఏమైనాయక్కా?"

"ఉన్నాయి. ఈ కాయితం వచ్చినకాడ్నుంచి ముట్టుకోలా. ఇంకెందుకే? ఆ డబ్బాలు మోసీ మోసీ నీ భుజం వంగిపోతంది. నువ్వు నోటితో చెప్పినప్పుడు భయపడి చెప్తన్నావేమో అనుకున్నా. అచ్చులో చూశాక నమ్మకం కుదిరింది."

డ్రమ్ములో గ్లాసు ముంచి నోటి దగ్గరికి ఎత్తబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. మణికట్టుకు పైన, మోచేతికి దగ్గరగా, గోళ్ళు దిగేట్టు పట్టుకున్నాను.

"అది నేను రాయలేదక్కా. తాగమాక. నేను రాయలేదు."

"నువ్వు రాయకపోతే ఎవరు రాశారే?"

"ఎవరూ రాయలేదు."

తినేవాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వింది. "ఎవరూ రాయకుండా అచ్చులో ఎట్టా పడిద్దే, పిచ్చిమొహమా! నువ్వే రాసి ఉంటావు. అలిసిపోయి ఏదో అంటన్నావు." గ్లాసు ఎందుకు పైకి లేవడం లేదో అర్థంకాక, అప్పుడు తల దించి చూసుకుంది. నా గోళ్ళ కింద తెల్లబడ్డ తన చర్మాన్ని చూసి ఆశ్చర్యపోయింది.

"నా చెయ్యి ఎప్పుడు పట్టుకున్నావే?" అంది.